నూనె అయిపోయిన దీపం మాదిరి

నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఉపమాలంకారం పాఠం చెప్పీ చెప్పీ, ఎవరి మాటల్లోనైనా పోలిక వినబడితే అక్కడ ఆగిపోవడం అలవాటైంది. ఇంట్లోవాళ్లకు ఆ అలవాటంటే విసుగు.

మా చెల్లెలు భర్త పోయాక గార్లదిన్నెలో జాకెట్లు కుడుతూ ఒంటరిగా బతుకుతోంది. పోయిన ఏడు ఒక సంబంధం వచ్చింది. తనకల్లు దగ్గర పల్లె ఆయనది. రెండేళ్ల కిందట భార్య చనిపోయిందన్నారు. ఆయనా, వాళ్లక్కా కలిసి చెల్లెలింటికి వచ్చారు. నేనూ వెళ్లాను. మెత్తగా మాట్లాడే మనిషి. భార్య జబ్బు సంగతి తల దించుకునే చెప్పాడు. చివరి సాయంత్రం పెద్ద వానట. తన ఒళ్లో తల పెట్టుకుని, నూనె అయిపోయిన దీపం మాదిరి పోయిందన్నాడు. చెల్లెలు కొంగుతో కళ్లొత్తుకుంది. నేను టీ పెట్టడానికి లేచాను.

తర్వాత వాళ్లక్క వంటింట్లోకి వచ్చి నాకు అదే సంగతి చెప్పింది. అదే వాన, అదే ఒడి. దీపంలో నూనె అయిపోవడం కూడా అదే. టీ వడపోస్తున్న చెయ్యి ఆగింది. ఒకే చావును చూసినా ఒకరికి కాళ్లు చల్లబడటం గుర్తుంటుంది, ఇంకొకరికి ఆటో దొరక్కపోవడం గుర్తుంటుంది. ఇద్దరికీ ఒకే పోలిక ఎలా తోచింది? పైగా ఆమె పోయిందన్న ఏడు వానల్లేక చెనక్కాయ పంట ఎండిపోయింది. దుఃఖం వచ్చే చోట వాన కురిపించడం కథలు రాసేవాళ్ల పని.

వాళ్లు వెళ్లాక చెల్లెలితో అన్నాను. ముఖం ముడుచుకుంది.

"నువ్వు మనుషుల్ని గూడా పరీక్ష పేపర్లు దిద్దినట్ల దిద్దుతావక్కా."

ఆ మాట గుచ్చుకుంది. అయినా అనుమానం పోలేదు. ఆదివారం కదిరి బస్సెక్కి, అక్కడి నుంచి ఆ పల్లెకు చేరాను. రోడ్డు పక్క అంగడామెను ఆయన భార్య గురించి అడిగితే నన్ను ఎగాదిగా చూసింది.

"ఆయమ్మ సచ్చిపోవడమేందమ్మా? పుట్టింటికాడ ఉండాది."

పుట్టిల్లు పక్క ఊరే. వెళ్లేసరికి ఆమె వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తోంది. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. ఆమె అరవలేదు, ఏడవలేదు.

"నేనెట్ల సచ్చిపోయినానని చెప్పినాడు?" అని అడిగింది.

దాచకుండా చెప్పాను. చాటలో కాయలను కాసేపు అటూ ఇటూ కదిపింది.

"ఒళ్లో తల పెట్టుకున్న్యాడంటనా? జరం వచ్చినప్పుడు ఒక్క దినమన్నా దగ్గరికొచ్చి సూసినోడు కాదక్కా."

పిల్లలు పుట్టలేదని పుట్టింట్లో దింపి పోయాడట. విడాకుల్లేవు. చెల్లెలికి ఫోన్ చేసి ఆమె చేతికిచ్చి, నేను బయటికొచ్చి గోడ నీడన నిలబడ్డాను. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

సంబంధం వద్దని చెల్లెలే ఆయనకు ఫోన్లో చెప్పింది. ఆ వారం నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒకరోజు మిషన్ మీద గుడ్డ సర్దుతూ తనే అంది:

"అబద్ధం చెప్పినాడని కాదక్కా నా బాధ. బతికుండే మనిషి కోసం నన్ను ఏడిపించినాడు."

కత్తిరించిన జాకెట్ ముక్కలు ఒక్కొక్కటే ఆమెకు అందిస్తూ కూర్చున్నాను.