చెయ్యెత్తని ఆర్లిన్

ఆర్లిన్ ఫెటరాఫ్ మొండివాడు. పెన్సిల్వేనియా కొండల మధ్య ఆ లోయలో మొండివాళ్లకు కరువేమీ లేదు. కానీ మిగతావాళ్లు తమ మొండితనాన్ని పొలం సరిహద్దుల దగ్గరో, చర్చి కమిటీ మీటింగుల్లోనో చూపిస్తే, ఆర్లిన్ తన ఎడమచేతిలో చూపించేవాడు. ఆ చెయ్యి పైకి లేచేది కాదు. భుజం పట్టేసి కాదు, పరువు పట్టేసి.

సంగతేమిటంటే, స్టోనీ రన్ పిస్తోలు క్లబ్బులో శనివారం శనివారం గురి పోటీలు జరుగుతాయి. వరసగా నిలబడి ఒంటిచేత్తో కాలుస్తారు. విడతకు ఐదు గుళ్లు. మధ్యలో తూటా పేలకపోతే తుపాకీ మొన గురివైపే ఉంచి, ఖాళీగా ఉన్న చెయ్యి పైకెత్తి "అలిబై" అనాలి. కోర్టులో ఆ మాట ముద్దాయిది, ఆ వేళకు నేనక్కడ లేనని చెప్పుకునే మాట. ఇక్కడ మాత్రం అది హక్కు. చెయ్యెత్తినవాడు ఆ విడత మళ్లీ కాల్చుకోవచ్చు. పాస్టరుగారు ఎత్తుతారు, షెరీఫు ఎత్తుతాడు, ఎవరికీ నామోషీ లేదు. ఆర్లిన్ ఎత్తడు. తన తూటాలు తనే నింపుకునే మనిషి. పేలలేదంటే తప్పెవరిది? నింపినవాడిది. తప్పు తాను చేసి ఇంకో ఛాన్సు ఇప్పించండి బాబూ అని చెయ్యి చాపడమేమిటి, అసహ్యంగా!

ఉద్యోగం చేసినన్నాళ్లూ స్కూలు బస్సుల బ్రేకులు చూశాడు. బిగించిన బోల్టును ఇంటికి పోయేముందు ఇంకోసారి తాకి చూసుకునేవాడు. ఆ బస్సులెక్కిన పిల్లల తల్లులకు ఆర్లిన్ అనేవాడొకడున్నాడని తెలియదు. తెలియాల్సిన అవసరం ఒక్కనాడూ రాలేదు. జీవితంలో తాను గొప్పగా చెప్పుకోగలిగింది అదొక్కటేనని అతడి ఉద్దేశం.

రిటైరయ్యాక ఆ శ్రద్ధంతా ఇంటికింద గదిలోని బల్లమీదకు మళ్లింది. కాల్చగా రాలిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, కడిగి ఆరబెట్టి, ఒక్కోదాని వెనక కొత్త ప్రైమర్ నొక్కి, మందు పోసి, సీసపు గుండు బిగించేవాడు. ప్రైమర్ అంటే కందిగింజంత మూత. రివాల్వర్ సుత్తి దానిమీద పడితే లోపల నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. ఆ కందిగింజ తుస్సుమంటే తుపాకీ ఎంత ఖరీదుదైనా ఇనపముక్కే. అందుకే ఆర్లిన్ ప్రతి తూటా వెనకా బొటనవేలితో తడిమి, మూత అంచుకంటే లోపలికి దిగిందని తేల్చుకున్నాకే పెట్టెలో పెట్టేవాడు.

ఆ ఏడు దేశమంతా ప్రైమర్లకు కటకట వచ్చింది. ఊళ్లో తుపాకుల కొట్టులో అరలన్నీ ఖాళీ. చివరికి వసంతంలో ఎక్కడో విదేశంలో చేసిన సరుకు ఒక పెట్టె వచ్చింది. పైరేకు కాస్త గట్టిదని కొట్టువాడు ముందే చెప్పాడు. దొరికిందే మహాప్రసాదమని ఆర్లిన్, హార్వే చెరిసగం పంచుకున్నారు.

హార్వే క్లింగర్ ఆర్లిన్‌కు ఒకటో తరగతి నుంచి నేస్తం. పోటీల్లో కాల్చమనీ ఆపమనీ కేకవేసే పెద్దరికం అతడిది. నోరు మంచిది కాదు గానీ మనసు మంచిదని ఊరంతా అంటుంది. నోటి సంగతి హార్వే కూడా ఒప్పుకుంటాడు. కిందటి చలికాలం ఆర్లిన్ కుడిభుజానికి ఆపరేషన్ జరిగి చెయ్యి మెడకు వేలాడుతున్నప్పుడు, తుపాకీ తుప్పుపడుతుందని పట్టుకెళ్లి, విప్పి, శుభ్రం చేసి తెచ్చిచ్చింది అతడే. కాల్చడానికి వేలితో లాగే మీట ఎన్నడూ లేనంత హాయిగా నడుస్తోందని ఆర్లిన్ మెచ్చుకుంటే, అంతా నా నూనె మహిమ అన్నాడు.

కొత్త ప్రైమర్లతో మొదటి శనివారమే ఒక తూటా పేలలేదు. టక్కుమంది, అంతే. ఆర్లిన్ చెయ్యి లేవలేదు. కాగితంమీద నాలుగే చిల్లులు చూసి లెక్క రాసినవాడు ఐదోది గురితప్పి గడ్డిలో పడిందనుకున్నాడు. చెవులకు డొప్పలు పెట్టుకుని వరసంతా ఢాంఢాం అంటుంటే ఒక్క టక్కు ఎవరికి వినపడుతుంది? తరవాతి శనివారం రెండు పేలలేదు. ఆపై వారం మరీ ఎక్కువ.

ఇంటికొచ్చి ఇంటివెనక మట్టిదిబ్బలోకి ఆ చచ్చిన తూటాలే మళ్లీ కాల్చి చూశాడు. రెండో దెబ్బకు అన్నీ పేలాయి. అది చూసి అతడి గుండె జారిపోయింది. మంచివార్తే కదా అనుకుంటారేమో, కాదు. తూటాలు నింపుకునేవాళ్లందరికీ కంఠతా వచ్చిన మాట ఒకటుంది: మొదటి దెబ్బకు మూత లోపలికి దిగి కూర్చుని, రెండో దెబ్బకు పేలిందంటే, ప్రైమర్‌ను నువ్వు పూర్తిగా నొక్కలేదని అర్థం. తప్పు సరుకుది కాదు, నీ చేతిది.

అయినా ఆశ చావక, ప్రైమర్లు ఎలా ఉన్నాయని హార్వేను మాటవరసకు అడిగాడు. బంగారంలా పేలుతున్నాయన్నాడు హార్వే. అదే పెట్టె, అదే సరుకు. ఇక సందేహమెక్కడిది?

ఇంకొకడైతే రెండు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాడు. ఆర్లిన్‌కు అన్న గుర్తొచ్చాడు. ఎల్వుడ్ ఇప్పుడు కౌంటీ వృద్ధుల ఆసుపత్రిలో కిటికీ పక్కన కూర్చుని, తమ్ముణ్ణి చూసి ఎవరబ్బాయివి నువ్వు అని మర్యాదగా అడుగుతాడు. ఎల్వుడ్‌కు జబ్బు మొదలైంది మరుపుతో కాదు, పనితో. ట్రాక్టర్‌లో నూనె మార్చి, కింద బిరడా బిగించానని ప్రమాణం చేశాడు. బిరడా అతడి చొక్కాజేబులోనే ఉంది. ఆనాడు ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆర్లిన్ కూడా నవ్వాడు.

ఇప్పుడు తానూ అదే బాటన పడ్డాడన్నమాట. ప్రతి తూటా తడిమాననుకుంటున్నాడు. తడిమినట్టు వేలు చెబుతోంది, గుర్తూ ఉంది. సుత్తి పడితే మాత్రం టక్కు. మరింత నెమ్మదిగా నింపాడు, రేడియో కట్టేసి నింపాడు, పైకి చెప్పుకుంటూ నింపాడు. టక్కు. బిరడా బిగించానని ఎల్వుడ్ కూడా ఇంత నమ్మకంగానే చెప్పాడు కదా అని రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు. భార్య వెల్మా నడిపే కారు బ్రేకులు తాను చూడడం మానేసి, డబ్బిచ్చి గ్యారేజీలో చూపించాడు. ఆవిడకు అనుమానం వచ్చింది అక్కడే.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి చికెన్ పాట్‌పై పులుసు తింటూ, బల్లా సరంజామా అమ్మేస్తానన్నాడు ఆర్లిన్. వెల్మా స్కూలు వంటగదిలో ఎంతోమంది పిల్లల అబద్ధాలు విన్న మనిషి. గరిటె కింద పెట్టి, అసలు సంగతి చెప్పేదాకా రెండో వడ్డన లేదంది. అప్పుడు చెప్పాడు. ఎల్వుడ్ బిరడాతో సహా అంతా చెప్పాడు.

వెల్మా ఓదార్చలేదు. ఆవిడకు కోపం వచ్చింది.

"పేలడం లేదని హార్వేకు ఒక్కసారైనా చెప్పావా?"

చెప్పలేదన్నాడు.

"చెయ్యెత్తావా?"

ఎత్తలేదన్నాడు.

"నీకు మతి పోతోందో లేదో నాకు తెలియదయ్యా. నోరు మాత్రం ఎప్పుడో పోయింది. పోటీ పడేవాళ్లంతా ఎత్తే చెయ్యే కదా, ఎత్తితే ఊడి కిందపడదు. శనివారం ఎత్తు. ఆ తరవాత కూడా అమ్మాలనిపిస్తే నేనే బేరగాణ్ణి తెస్తాను."

శనివారం ఆర్లిన్ క్లబ్బుకు ఉరికంబమెక్కబోయేవాడిలా వెళ్లాడు. వాకిట్లో ఆడవాళ్లు చికెన్, మొక్కజొన్న సూపు కాస్తున్నారు. ఎవరో పలకరిస్తే ఏదో అన్నాడు. వరసలో తన చోట నిలబడ్డాడు. హార్వే కేకవేశాడు. మొదటి గుండు పేలింది. రెండోదీ పేలింది. మూడోది టక్కుమంది.

తుపాకీ గురివైపే ఉంచాడు. ఆలస్యంగా పేలే తూటాలూ ఉంటాయి గనక కాసేపు అలాగే ఆగాలి. ఆ కాసేపట్లో అతడి ఎడమచెయ్యి జేబులోంచి వచ్చింది, నడుం దాకా లేచింది, అక్కడ ఆగింది. తరవాత మెల్లగా నెత్తి దాటి పైకి పోయింది. అలిబై అన్నాడో లేదో అతడికే తెలియదు. కాల్పులు ఆగేసరికి వరసంతా అతడివైపే చూస్తోంది. చర్చిలో కుక్క మాట్లాడినా అంత వింతగా చూడరు.

హార్వే నవ్వుకుంటూ వచ్చాడు. వాతావరణశాఖకు ఫోన్ చెయ్యమంటావా, ఇవాళ మంచు పడేట్టుంది అన్నాడు. తుపాకీ తెరిచి, పేలని తూటా తీసి, వెనకవైపు చూశాడు. నొక్కు పడింది గానీ లోతు లేదు, గోటితో నొక్కినట్టుంది. నవ్వు ఆగిపోయింది.

"ఎన్నాళ్లబట్టి?"

వసంతం నుంచి అన్నాడు ఆర్లిన్. ఇక దాచి ఏం లాభమని, ప్రైమర్లు సరిగా కూర్చోపెట్టలేకపోతున్నాననీ, తడిమింది తడిమినట్టు ఉండడం లేదనీ, తనదీ ఎల్వుడ్ దారేననీ, బల్ల అమ్మేస్తున్నాననీ ఏకబిగిన చెప్పేశాడు. చెబుతూ మాటమాటకూ నేలచూపులు చూశాడు. తల ఎత్తేసరికి హార్వే మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఒరేయ్ ఆర్లిన్, నీ బుర్రకేం కాలేదురా. అది నేను చేసిన పని."

అర్థం కాలేదు ఆర్లిన్‌కు.

"చలికాలంలో తుపాకీ నా దగ్గరుంది కదా. నీ వేళ్ల కీళ్లు వాచిపోయి మీట లాగడానికి నువ్వు పడే అవస్థ రెండేళ్లుగా చూస్తున్నాను. అడిగితే ఒప్పుకుంటావా? చచ్చినా ఒప్పుకోవు. అందుకని పిడిలో స్ప్రింగును బిగించే మరను కాస్త వదులు చేశాను. మీట తేలికైంది, దాంతోపాటు సుత్తి దెబ్బా తగ్గింది. పాత ప్రైమర్లు మెత్తటివి, ఆ దెబ్బకే పేలేవి. ఇవి గట్టివి. మొదటి దెబ్బ వీటికి చాలదు. రెండోది కూడా పడితేనే పేలతాయి. నువ్వు ఒక్కసారి చెయ్యెత్తి ఉంటే ఆ రోజే చెప్పేవాణ్ణి కదరా."

 ఆర్లిన్ తన పెట్టెలోంచి గుప్పెడు తూటాలు తీసి హార్వే చేతిలో పెట్టాడు. హార్వే వాటిని తన రివాల్వర్‌లో పెట్టి గురిదిబ్బలోకి కాల్చాడు. ఒక్కటీ మొరాయించలేదు. ఆర్లిన్ ఇంకో గుప్పెడు ఇచ్చాడు. అవీ పేలాయి. మూడోసారి కూడా ఇవ్వబోతే, ఇక చాలు బాబూ, సూపు చల్లారిపోతోందన్నాడు హార్వే.

అప్పుడు కూలబడ్డాడు ఆర్లిన్ బెంచీమీద. కళ్లవెంబడి నీళ్లు ధారగా కారాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. నొక్కాడు. ప్రతి ఒక్కటీ నొక్కాడు. తడిమానన్నది తడిమాడు. అతడి వేలు నిజమే చెప్పింది, తలా నిజమే చెప్పింది. వసంతం నుంచి గుండెమీద కూర్చున్న బండరాయి దిగిపోయింది. ఊపిరి పీలిస్తే ఇంత గాలి లోపలికి పోతుందన్న సంగతే అతడు మరచిపోయాడు.

ఊపిరి ఆడాక కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. ఒకటో తరగతి నుంచి ఆనాటి దాకా హార్వే చేసిన వెధవపనులన్నీ పేరుపేరునా తిట్టాడు. సూపు గిన్నెల దగ్గర ఆడవాళ్లు కూడా చెవులు రిక్కించారు. హార్వే చేతులు కట్టుకుని అన్నీ విన్నాడు.  తిట్లయ్యాక, అంతా గుర్తుంది కదరా నీకు, తారీఖులతో సహా అన్నాడు. ఆర్లిన్‌కు నవ్వాగలేదు. ఇద్దరూ కడుపులు పట్టుకుని నవ్వారు.

మర బిగించడానికి హార్వే జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. ఆర్లిన్ అది లాక్కుని, పిడి విప్పి, తానే బిగించాడు. బిగించాక ఇంకోసారి తాకి చూశాడు. అలిబై విడత అతడికింకా బాకీ ఉంది. ఈసారి మీట లాగుతుంటే వేలి కీలు నిప్పు అంటుకున్నట్టు మండింది. గురి చెదిరి మొదటి గుండు నల్లచుక్క దాటి తెల్లకాగితంలో పడింది. రెండోది ఇంకా దూరం పోయింది. కానీ ఐదూ పేలాయి. కాగితంమీద ఐదు చిల్లులున్నాయి. ఇన్నేళ్లలో అతడు అంత హీనంగా కాల్చింది లేదు.

వేలు విదిలించుకుంటుంటే హార్వే పక్కకొచ్చి మెల్లగా అన్నాడు, "మెత్తటి ప్రైమర్లు ఎక్కడైనా వెతికి తెస్తాను. మళ్లీ వదులు చేసుకో. ఈ నొప్పితో ఎలా కాలుస్తావురా?"

ఆర్లిన్ తన చూపుడువేలి కేసి చూసుకున్నాడు. కణుపు ఎర్రగా ఉబ్బి ఉంది.

"నొప్పి వేలికే కదరా" అన్నాడు. "వేలికే."