గొర్రె డొక్కలో సంచి

ముప్పై ఏండ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకొని బతుకుతాండా. మింగుడు పడదు, బయటికీ రాదు. చదివే నువ్వెవరో నాకు తెలీదు. అందుకే నీకు చెప్పగలుగుతాండానేమో.

పందొమ్మిది వందల అరవైలలో వానల్లేని ఏడు. అనంతపురం దగ్గర గొర్రెల ఫారంలో పశువుల డాక్టరుకు నేను సహాయకుణ్ణి. ఆయన ప్రయోగం కోసం ఒక గొర్రె మెడలోని చిన్న గ్రంథులు తీసేసినాడు. అవి లేకుంటే గొర్రె కొట్టుకొని చస్తాది. బదులుగా ఇంకో గొర్రె గ్రంథి కణాలను సన్నని పొర సంచిలో పెట్టి, దాని డొక్క చర్మం కింద కుట్టినాడు.

"పరాయి కణాలని తెలిస్తే ఒళ్లు వాటిని చంపేస్తుందయ్యా. ఈ పొరలోంచి వాటికి తిండి లోపలికి పోతుంది, వాటిని చంపే కణాలు పోలేవు" అన్నాడు.

రెండు నెలలు గొర్రె బాగా మేసింది.

ఒక మధ్యాన్నం అది నా కాళ్లను కుమ్మింది. మైలు దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లు నేలపాలైనాయి. ఇనుప బక్కెట్టు ఎత్తి డొక్క మీద కొట్టినా. మళ్లా కొట్టినా. కోపం దిగిపోయినాక కూడా ఇంకొకటి కొట్టినా. ఆ మూడో దెబ్బ ఎందుకు కొట్టినానని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతాండా.

పది దినాలకు దాని కాళ్లు బిగదీసుకున్నాయి. నురగ కక్కుతా, తల నేలకు బాదుకొని చచ్చింది. డాక్టరు కోసి చూస్తే సంచి చినిగి ఉండాది. లోపల కణాలన్నీ చచ్చినాయి.

"దీన్ని ఎవరు కొట్టారు?"

"ఓబులేసు సార్" అన్నా.

ఓబులేసు ఫారం గొర్రెలు మేపేవాడు. కావలివాళ్లు అతన్ని గుంజకు కట్టేసి కట్టెలతో బాదినారు. డాక్టరు ఆపలేదు. అతని కుడి మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినపడింది. మూతి నిండా నెత్తురుతో ఓబులేసు నా వైపు తిరిగినాడు.

"నేను కొట్టేది నువ్వు చూసినావా అన్నా?"

"చూసినా."

 

ఆ చెయ్యి మళ్లా చాపలేకపోయినాడు. ఉన్ని కత్తిరించే పనికీ పనికిరాలేదు. కొన్నేండ్లకు మడకశిర బస్సులో కనపడినాడు. పెండ్లాం అతనికి ముద్ద కలిపి తినిపిస్తాంది. "బాగుండావా అన్నా?" అని జరిగి చోటిచ్చినాడు. నేను పొరపాటు పడినాననుకొన్నాడా? అంతా తెలిసే చోటిచ్చినాడా? పక్కనే కూర్చొని, నా ఊరు రాగానే దిగిపోయినా.

ఇప్పుడు ఓబులేసు లేడు. క్షమించమని అడిగేందుకు మనిషి లేడు, ఉన్నా అడిగే మొగం నాకు లేదు.

ఆ గొర్రెను కొట్టింది నేనే. గొంతులో పెట్టుకొన్న మాట ఇదే.