అద్భుతం యాంకరుగారు

మా కేబుల్ చానల్లో నగర కళల కార్యక్రమం నడిపిన యాంకరుగారు, ఎదుటివాళ్లు నోరు తెరవకముందే "అద్భుతం!" అనేసేవారు. ఆయనకి కెమెరామన్‌ని నేనే.

ఓసారి భీమిలి ఒడ్డున, వల లాగే పాటలు పాడే ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "అద్భుతం! ఇక పాడండి," అన్నారు.

"వల లాగకండా పాటెలాగొస్తాది బాబూ? నువ్వూ ఓ సెయ్యెయ్యి," అంటూ ముసలాయన లేచి, పక్కన జాలర్లు లాగుతున్న వల తాడు యాంకరుగారి చేతికందించాడు.

పాట అందుకున్నాడు. అది సాగినంతసేపూ యాంకరుగారికి రొప్పు తప్ప మాట రాలేదు. నేను తీసినవాటిలో అదొక్కటే మంచి షాటు.

"తీసెయ్యవయ్యా, ఇందులో నా మాటే లేదు," అన్నారు ఎడిటింగులో.

ఇంకోసారి షూటింగు పెట్టించారు. చివరికి టీవీలో, ఆ పాట గొప్పతనాన్ని అరగంటసేపు ఆయనే వివరించారు. ముసలాయన పక్కన కుర్చీలో కూర్చుని విన్నాడు.