పోలండ్ ఆయన, పక్క క్వార్టర్ పెద్దనాయన

పెద్దనాయన పోయాడన్న కబురు నాకు కల్లూరులో, నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన గంట కొట్టిన కాసేపటికి వచ్చింది. ఫోన్ చేసింది పెద్దమ్మే. "మీ పెద్దనాయన పొద్దుగాల పోయిండు బిడ్డా. చాయ్ పెట్టి పిలిస్తె పలకలె," అంది. నేను ఏడుస్తుండగానే, "వచ్చేటప్పుడు ఆ డబ్బా సంగతి గూడ ఏదన్న ఆలోచించుకోని రా," అంది. డబ్బా అంటే పియానో. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె దాన్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో మాది పదకొండు, వాళ్ళది పన్నెండు. మధ్యన ఒకటే గోడ. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గోడలోంచి నేను ఒకే మనిషి సంగీతం విన్నాను. వాయించేది పెద్దనాయన. రాసింది రెండు వందల ఏళ్ళ కిందట పోలండ్‌లో పుట్టిన ఒకాయన. ఆ పేరు మా క్వార్టర్ల లైనులో ఎవరికీ నోరు తిరగలేదు. అందుకని పెద్దనాయన మా కోసం "పోలండ్ ఆయన" అనేవాడు, మా వదినగారి తమ్ముడు అన్నంత చనువుగా. నేనూ ఇక్కడ అలాగే అంటాను.

పెద్దనాయనది టింబర్‌మ్యాన్ ఉద్యోగం. బాయిలో బొగ్గు తీసిన చోట రూఫ్ కూలకుండా కర్రలు నిలబెట్టడం. కర్ర పెట్టే ముందు ఇనుప కడ్డీతో రూఫ్‌ను తట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. మా ఊళ్ళో ఎంతోమంది మగవాళ్ళు ఆయన చెవి మీద భరోసాతో బతికి ఇంటికొచ్చారు. అదే చెవితో ఆయన పియానో తీగలు సవరించుకునేవాడు. వర్క్‌షాపులో అరగదీయించుకున్న పానాతో ఒక్కో తీగనూ బిగిస్తూ, "ఇది డొల్ల పలుకుతుంది," అని తనలో తనే గొణుక్కునేవాడు.

ఆయనకు వాయించడం నేర్పింది భద్రాచలం దారిలో, అడవి అంచున ఉండిన మిషన్ దవాఖానాలోని ఒక ముసలి సిస్టర్. వాళ్ళమ్మ అక్కడ ఆయాగా పనిచేసేది. కుర్రాణ్ణి హైదరాబాదు పంపి నేర్పిద్దామని సిస్టర్ అనుకుంటుండగా వాళ్ళ నాన్న ఊపిరితిత్తులు చెడి బాయి పనికి అన్‌ఫిట్ అయ్యాడు. ఆ ఉద్యోగం కొడుకుకొచ్చింది. వద్దనగల ఇల్లు కాదు. "బాయిల దిగినోడు రోజూ పైకొస్తడు బిడ్డా. బయటికైతే రాడు," అనేవాడు పెద్దనాయన. అది ఏడుస్తూ చెప్పిన మాట కాదు, తువ్వాలు దులుపుకుంటూ చెప్పిన మాట.

మిషన్ మూతపడ్డప్పుడు అక్కడి పియానోను ఈయనకే ఇచ్చేశారు. అడవి నుంచి బాయికి కర్రలు తెచ్చే లారీలో, దుంగల మధ్య పడుకుని అది మా లైనుకొచ్చిందట. ఎనిమిదిమంది దించారు. ఇంటి తలుపులో పట్టక ముందు వరండాలో పెట్టారు. పెద్దమ్మ అప్పుడు కాన్పుకు బోనకల్‌లో పుట్టింటికి పోయింది. ఇంతలో వానలు ముంచుకొచ్చాయి. పెద్దనాయన షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య ఒక్కడే వరండా గుంజలు తీసేసి, చుట్టూ ఇటుక గోడ కట్టి, గ్రిల్ కిటికీ పెట్టి, పక్కకు సన్నటి తలుపు బిగించి, గది చేసేశాడు. పెద్దమ్మ చంటిపిల్లతో తిరిగొచ్చేసరికి సున్నం కూడా ఆరిపోయింది. అప్పుడు ఆమెకే తట్టింది. "మరి ఇది మళ్ళ బయటికెట్ల పోతది?" అనడిగితే ఆయన పియానో తుడుచుకుంటూ కూర్చున్నాడట.

ఊరంతా నవ్వుకుంది. ఎందుకంటే బాయిలోకి కొత్తగా దిగిన ప్రతివాడికీ మొదటి పాఠం చెప్పేది ఈయనే. "ముందుగాల రెండో దారి ఏడున్నదో చూడు. ఒక్కటే దారి ఉన్న కాడ కూసోకు, అన్నం గూడ తినకు." అలాంటి మనిషి పియానోకు దారి లేకుండా గోడ కట్టుకున్నాడు. క్యాంటీన్‌లో ఏళ్ళ తరబడి అదే ఆట పట్టించారు. "ఏందన్నా, మందికే గాని నీ పియానోకు లేదా రెండో దారి?" అంటే చాయ్ ఊదుకుంటూ నవ్వేవాడు.

నాకు ఏడో తరగతి నుంచి నేర్పాడు. వేరే ఎవరి సంగీతమూ నేర్పలేదు. అడిగితే, "ఆయన ఉత్త పియానోకే రాసిండు. వేరే వాయిద్యం జోలికి పెద్దగ పోలె. ఒకే బాయిల పనిచేసి రిటైరైనట్టు. గా లోతు చూడాల్నంటె మనం గూడ ఆడ్నే ఉండాలె," అన్నాడు. ఎడమ చెయ్యి తొందరపడితే నా మణికట్టు పట్టుకుని ఆపేవాడు. "ఎడమ చెయ్యి కర్ర. కర్ర కదిలితె పైనున్నదంత నెత్తిన పడ్తది." గట్టిగా కొడితే ముఖం చిట్లించేవాడు. "అరిచేటోని మాట ఒక్కపారే వింటం. ఈయన అరవడు. అందుకనే ఇన్నేండ్ల సంది వింటున్న."

నేను ఫోన్ కొనుక్కున్నాక పెద్ద పెద్దవాళ్ళు వాయించినవి వినిపించాను. కళ్ళు మూసుకుని విని, "మస్తు వాయించిండు. కాకపోతే జల్దీల ఉన్నడు, బస్సు పోతదన్నట్టు," అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. నిజం చెప్పాలంటే పెద్దనాయన గొప్పగా వాయించేవాడు కాదు. కర్రలు మోసి మోసి వేళ్ళు మొద్దుబారాయి. కష్టమైన చోట్ల రెండు స్వరాలు మింగేసేవాడు. అయినా ఆయన వాయిస్తుంటే పాట ఆయనకు ఎంత అవసరమో వినబడేది. అంత అవసరం నాకెప్పుడూ కలగలేదు. అందుకే నేను టీచర్‌గానే మిగిలాను.

దసరాకు ఆయుధపూజ నాడు క్యాప్ ల్యాంపు, కడ్డీ, పానాలతోపాటు పియానోకూ పసుపు కుంకుమలు పడేవి. పియానో పైన గోడకు సిస్టర్ ఇచ్చిపోయిన పోలండ్ ఆయన బొమ్మ ఉండేది. బక్కపలచని ముఖం, కొక్కెం లాంటి ముక్కు. పెద్దమ్మ ఆ బొమ్మకూ బంతిపూల దండ వేసి, "పాపం, తిండి సక్కగ లేనట్టున్నది," అనేది. పూజకొచ్చిన లైను ఆడవాళ్ళు ఆయన్ని పెద్దనాయన వైపు చుట్టమనుకుని దణ్ణం పెట్టుకునేవాళ్ళు. పెద్దనాయన ఆ మాటను ఏనాడూ సరిదిద్దలేదు.

ఒక్కసారి మాత్రం బాయిలో చిక్కుకున్న రోజు గురించి చెప్పాడు. ఎవరినో లాగడానికి లోపలికి పోతే వెనక రూఫ్ పడింది. షిఫ్టంతా చీకట్లో, రాయికి ఆనుకుని కూర్చున్నాడట. మోకాలి మీద వేళ్ళతో పాట మొదటి నుంచి చివరికి వాయించుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి. "ఇంట్ల ఏ స్వరాలు మింగుతున్ననో ఆడ తెలిసింది. మోకాలు మీద మింగనీకి రాదు. ఆ దినం రెండో దారి ఉన్నదంటె పోలండ్ ఆయనే," అన్నాడు. బయటపడి ఇంటికొచ్చి, స్నానమైనా చెయ్యకుండా పియానో ముందు కూర్చున్నాడని మిగతాది పెద్దమ్మ చెప్పింది. వేళ్ళతో నొక్కే తెల్ల మెట్ల అంచులకు ఆ మసి ఇప్పటికీ ఉంది.

ఆయన రిటైరయ్యాక మా లైను పక్కకే, గుట్టను పైనుంచి పేల్చి బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ గని వచ్చింది. లైనంతా కూల్చేదేనని తెలిశాక ఒక్కో ఇల్లూ ఖాళీ అయింది. మా వాళ్ళూ వెళ్ళిపోయారు. చివరికి పన్నెండో నంబరు ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, కిటికీలు మూసి తడిగుడ్డలు అడ్డం కట్టుకోవాలి, బ్లాస్టింగ్ అవుతుంది, నేల ఊగుతుంది, ఆ తర్వాత సాయంత్రం దాకా దుమ్ము. ఖమ్మంలో కూతురు కింది గది వీళ్ళ కోసమే ఖాళీగా ఉంచింది. పెద్దమ్మకు దగ్గు పట్టుకుంది. "పోదాం," అంటుంది ఆమె. "పియానో ఎట్ల?" అంటాడు ఈయన. "గోడ పగలగొట్టు," అంటుంది. "ఆ గోడ మీదనే రూఫ్ నిలబడ్డది. గోడ తీస్తె రూఫ్ కూల్తది," అంటాడు. రూఫ్ విషయంలో ఆయన మాటకు ఎదురుచెప్పే మొనగాడు మా ఊళ్ళో పుట్టలేదు. ఆరేళ్ళు ఇదే మాట నడిచింది.

ఇందులో నా తప్పూ ఉంది. సెలవుల్లో వెళ్ళినప్పుడు పెద్దమ్మ నా వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు బిడ్డా, ఈ దుమ్ముల నేనుండలేను," అనేది. నేను ఆయన వైపే మాట్లాడేదాన్ని. అదొక్కటే కదా ఆయనకు మిగిలింది అనేదాన్ని. ఆమెకేం మిగిలిందో అడగాలని నాకు తోచలేదు.

ఆ రోజుల్లో ఆయన నాకొకటి చూపించాడు. సైరన్ మోగగానే పియానో మూత తెరిచి, తీగల మీది పట్టు వదిలించే పెడల్ అదిమిపెట్టి కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. బ్లాస్టింగ్ అయింది. నేల కదలగానే లోపలి తీగలన్నీ ఎవరూ ముట్టుకోకుండానే ఒక్కసారిగా సన్నగా మూలిగాయి. చాలాసేపు ఆగలేదు. "చూసినవా, గుట్ట గూడ వాయిస్తది," అన్నాడు. తర్వాత ఇంకేదో గుర్తొచ్చినట్టు, "పోలండ్ ఆయన ఇరవై ఏండ్లకు ఊరిడిచిండు. మళ్ళ పోలె. సచ్చినంక గుండె ఒక్కటే పోయింది, అక్క తీస్కపోయింది," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అది పోలండ్ ఆయన మీది జాలి అనే అనుకున్నాను.

దినకర్మ అయిన మర్నాడు పియానో సంగతి మాట్లాడుకున్నాం. మా బడిలో ఒక గది ఇస్తామన్నారు, ట్రాక్టర్ తెచ్చాను. పెద్దనాయనతో ముప్పై ఏళ్ళు కలిసి పనిచేసిన, బాయిలో షిఫ్టు మనుషుల మీద పెద్దగా ఉండిన సర్దార్, ఇప్పుడు తనూ ముసలివాడే, నలుగురు పాత మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బాయిలో చేసినట్టే ముందు రూఫ్ కింద కర్రలు నిలబెట్టారు. "పెద్దాయన చెప్పిండంటె ఈ గోడ మీదనే ఉన్నట్టు లెక్క," అన్నాడు సర్దార్. ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దామని, పెద్దనాయన వాడిన కడ్డీనే తీసుకుని గోడను తట్టుకుంటూ పోయాడు.

మూల నుంచి గట్టిగా పలికింది. గ్రిల్ దాటి నాలుగడుగులు పోయేసరికి శబ్దం మారింది. సర్దార్ ఆగి, వెనక్కొచ్చి, మళ్ళీ తట్టాడు. డొల్ల. కింది నుంచి పైకి తట్టాడు. తలెత్తు దాటాక మళ్ళీ ఖంగుమంది. సున్నం గీకితే పైన అడ్డంగా ఒక ఇనుప గడ్డర్ బయటపడింది, బాయిలో రూఫ్‌కు వేసేది. దాని కింద రెండు తలుపులంత వెడల్పున ఇటుకలు సిమెంటుతో కాదు, ఉత్త మట్టితో పేర్చి ఉన్నాయి. రూఫ్ బరువంతా గడ్డర్ మోస్తోంది. కింది ఇటుకలు దేన్నీ మోయడం లేదు. చేత్తో తీస్తే వచ్చేస్తాయి.

"మనిషి రెండో దారి మర్వలె," అన్నాడు సర్దార్, కడ్డీ కింద పెట్టేసి. ఆయన గొంతులో సంతోషం ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కట్టిన నాటి నుంచీ ఆయనకు తెలుసు. పెద్దమ్మ దగ్గి దగ్గి కూలబడిన రోజు కూడా తెలుసు. నన్ను సాక్షిగా నిలబెట్టుకుని అబద్ధమాడాడు. నేను ప్రాణంగా ప్రేమించిన మనిషి మీద అంత కోపం వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

పెద్దమ్మ ఆ గడ్డర్‌ను చాలాసేపు చూసింది. "ఆరేండ్లు దుమ్ము తాగించిండు," అంది. తర్వాత, నాకు ఇంకా చెవుల్లో ఉంది, "పోబుద్ధి అయితలేదని ఒక్క మాట చెప్తె నేనుండకపోదునా? పియానో మీద పెట్టి చెప్పాల్నా?" అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "తియ్యండి," అంది.

అరగంటలో ఇటుకలన్నీ వచ్చేశాయి. పియానో బయటికి జరిగింది. అటు బెత్తెడు, ఇటు బెత్తెడు ఖాళీ. ఎప్పుడో కొలుచుకునే కట్టాడు. అది వీధిలో ఎండలో నిలబడితే ఇంత చిన్నదా అనిపించింది. మెట్ల అంచుల మసి స్పష్టంగా కనబడుతోంది. పక్క తలుపు తీసే ఉన్నా, పెద్దమ్మ పోలండ్ ఆయన బొమ్మ చంకలో పెట్టుకుని ఆ కొత్త దారిలోంచే బయటికొచ్చింది.

అప్పుడే సైరన్ మోగింది. మేమంతా అలవాటుగా ముక్కులకు గుడ్డలు కట్టుకుని గోడ నీడకు జరిగాం. పెద్దమ్మ జరగలేదు. బొమ్మను పియానో మీద ఆనించి, మూత తెరిచింది. ఒక కాలి చెప్పు విడిచి, ఆయన పెట్టే చోటనే, పాదం పెడల్ మీద పెట్టి అదిమింది. నేల కదిలింది. తీగల మోత ఆగిపోయాక కూడా, ట్రాక్టర్ డ్రైవర్ రెండుసార్లు పిలిచినా, ఆమె ఆ పాదం తియ్యలేదు.