మైకుకు పట్టని గొంతు

1938 ఎండాకాలం. గద్వాల కోటకు పోయే దారిలో నాకొక చిన్న దుకాణం ఉండేది. మొదట అందులో గడియారాలు బాగుచేసేవాణ్ణి. ఊళ్లోకి గ్రామఫోన్లు వచ్చాక, వాటిలో కూడా స్ప్రింగే కదా అని చెడిపోయిన పెట్టెలన్నీ నా దగ్గరికే తెచ్చేవారు. అలా ఆ పని పట్టుబడి, మద్రాసులోని ఒక రికార్డుల కంపెనీకి మా వైపు ఏజెంటునయ్యాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్లేటు కావాలన్నవాళ్లు నా దగ్గర కొనవలసిందే. రికార్డును మా జనం ప్లేటు అనేవారు.

అప్పట్లో ఈ వ్యాపారం ఒక ఏడాది ఉన్నట్టు మరో ఏడాది ఉండేది కాదు. అంతకుముందు అందరూ నాటకం పద్యాలే అడిగేవారు. రాగం ఎంత పొడుగ్గా తీస్తే ఆ ప్లేటుకు అంత గిరాకీ. తర్వాత టాకీలు వచ్చాయి. హైదరాబాదులోనో కర్నూలులోనో ఒక ఆట చూసి వచ్చినవాడు, తిరిగిరాగానే నా దుకాణం మెట్లెక్కి, "అండ్ల ఆ పిల్ల పాడిన పాట ఉన్నదా?" అని అడిగేవాడు. పద్యాల ప్లేట్లు అలమారలో అలాగే పడి ఉండేవి. ఏది తెప్పించాలో, ఏది మానాలో తెలిసేది కాదు. పొద్దున తీసుకున్న నిర్ణయం సాయంత్రానికి తప్పనిపించేది.

అటువంటి రోజుల్లో కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. హైదరాబాదులో పది రోజులు రికార్డింగు పెడుతున్నామని, మీ వైపు కొత్త గొంతులుంటే తీసుకురమ్మని దాని సారాంశం. చివర ఇంకొక మాట కూడా ఉంది. ఇకమీదట నాటకం పద్యాలు వద్దు, ఇప్పుడు ఏ దేశంలోనైనా మైకు ముందు మెల్లగా, మాట్లాడినట్టు పాడే గొంతులకే గిరాకీ, అటువంటివారినే చూడండి అని.

ఆ ఉత్తరం వచ్చిన రోజే, రికార్డింగు గురించి నేను బజారులో అన్న మాట చెవిన పడి, తిమ్మప్ప దుకాణానికి వచ్చాడు.

తిమ్మప్పది నేతపని కుటుంబం. పగలు మగ్గం మీద చీర నేసేవాడు. నాటకాల రోజుల్లో మాత్రం మా వైపు అతణ్ణి మించిన రాజపాత్ర లేదు. పందిట్లో వెయ్యిమంది కూర్చున్నా, చిట్టచివరి మనిషికి కూడా ప్రతి అక్షరం వినిపించేది. ఖిల్లా ఘణపూర్‌లో ఒకసారి పద్యం ఎత్తుకుంటే గుట్ట మీది కోటలోంచి మారుపలికిందని చెప్పుకునేవారు. అయితే ఆ ఏడాది నాటకాలకు పిలుపులు తగ్గాయి.

"సుబ్బన్నా, కంపెనోళ్లు హైదరాబాదుకు వస్తున్నరంట గదా," అన్నాడు. "నీ పెట్టెల పాడేటోళ్లకంటే నేను తక్కువనా?"

"ఎవరన్నారు తక్కువని?"

"అయితే నన్ను తీస్కపో. ఒక్క ప్లేటు చాలు. పిలిచేటోళ్లు పిలవకున్నా, నా గొంతన్న మూడూళ్లల్ల తిరుగుతది."

ఉత్తరం నా మేజా సొరుగులోనే ఉంది. తీసి చదివి వినిపించవలసింది. అతని ముఖం చూసి మనసు రాలేదు. పైగా అతని గొంతు వింటే కంపెనీవాళ్లే మాట మార్చుకుంటారేమోనన్న ఆశ కూడా ఉంది. "సరే, ఇంకా పదిహేను రోజులుంది, తయారుగా ఉండు," అన్నాను.

ఆ పదిహేను రోజులూ అతను పొద్దున్నే ఊరి బయటకు పోయి సాధన చేశాడు. ఎక్కడ? నది ఒడ్డున, గాలికి ఎదురుగా నిలబడి, గొంతు ఇంకా పెంచడానికి. ఆ సంగతి తెలిసినప్పుడల్లా నాకు పని మీద చెయ్యి నిలిచేది కాదు. ఒక గడియారం బిగించడానికి రెండుసార్లు విప్పవలసి వచ్చేది. చెబుదామనుకుంటూనే రోజులు గడిపేశాను.

రైలెక్కిన రోజు అతనితో పాటు భార్య జములమ్మ కూడా వచ్చింది. ఆమె ఇంట్లో కండెలు చుట్టేది, అంటే నేతకు కావలసిన నూలును చిన్న గొట్టాలకు ఎక్కించేది. తక్కువగా మాట్లాడే మనిషి. ఎందుకు తీసుకొస్తున్నావని అడిగితే తిమ్మప్ప కొంచెం సిగ్గుపడ్డాడు. "పాట ఎత్తుకునే ముందు ఆమె నాకు జర శ్రుతి అందిస్తది. లేకుంటే నాకు ధైర్యం రాదు," అన్నాడు.

కృష్ణ వంతెన దాటుతుంటే అతను లేచి తలుపు దగ్గరికి పోయాడు. వచ్చి కూర్చున్నాడు. వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగి మళ్లీ ఎక్కాడు. "నువ్వు పరేషాన్ గాకు, కూసో," అని జములమ్మ అంటూనే ఉంది. నిజానికి ఆ పెట్టెలో అతనికంటే ఎక్కువ పరేషాన్‌గా ఉన్నది నేను.

హైదరాబాదులో కంపెనీవాళ్లు ఒక బంగళా అద్దెకు తీసుకున్నారు. లోపలి గదిలో గోడలకు కంబళ్లు, జంపఖానాలు వేలాడదీశారు, గొంతు మారుమోగకుండా. కిటికీలు మూసేశారు. పంకా చప్పుడు కూడా మైకులో పడుతుందని అదీ ఆపేశారు. మధ్యాహ్నం వేళ ఆ గది కుమ్మరి ఆవంలా ఉంది. మధ్యలో ఒక ఇనుపకడ్డీ మీద మైకు. పక్క గదిలో యంత్రం. అక్కడ వాక్స్, అంటే మందమైన మైనపు పలక, గుండ్రంగా తిరుగుతుంటే దాని మీద పాట గీతలుగా పడుతుంది. ఎర్రదీపం వెలిగితే పాడాలి. అది ఆరేదాకా దగ్గినా, కాలు కదిపినా పలక పాడయినట్టే. మొత్తం మూడు నిమిషాలు.

తిమ్మప్ప తలపాగా సవరించుకుని మైకు ముందు నిలబడ్డాడు. జములమ్మ వెనక చాప మీద కూర్చుంది. దీపం వెలిగింది. అతను పద్యం ఎత్తుకున్నాడు.

సగంలోనే పక్క గదిలోంచి మేనేజరు వచ్చి చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆయన కోస్తా మనిషి, మర్యాదగా మాట్లాడేవాడు. "బ్లాస్ట్ అవుతోందండీ," అన్నాడు. గొంతు మరీ పెద్దదైతే గీత పక్క గీతలోకి దూకేస్తుంది, దాన్నే వాళ్లు బ్లాస్ట్ అనేవారు. "నాలుగడుగులు వెనక్కి జరగండి."

జరిగాడు. మళ్లీ అదే. గోడకు ఆనుకునేదాకా జరిపారు. అప్పుడూ అదే.

"కొంచెం తగ్గించి, పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు పాడండి."

తిమ్మప్ప ప్రయత్నించాడు. గొంతు దించగానే శ్రుతి జారింది. రెండో పాదానికి మాట తడబడింది. ఇరవై ఏళ్లు పందిరి చివరి మనిషి కోసం పాడినవాడికి పక్క మనిషి కోసం పాడటం తెలియలేదు. అతని మెడ మీద చెమట ధారగా కారుతోంది. నేను అతని ముఖం వైపు చూడలేకపోయాను.

ఎక్కడ తేడా వస్తోందో వినిపిస్తానని మేనేజరు ఒక పలక మీద ముల్లు పెట్టించాడు. అలా వినిపిస్తే ఆ మైనం చెడిపోతుంది, ఇక ప్లేటు చెయ్యడానికి పనికిరాదు. ఎలాగూ పనికిరాని పలకే కనుక వినిపించాడు. తిమ్మప్ప గొంతు రాకముందు, నాలుగైదు క్షణాలు, ఎవరో సన్నగా కూనిరాగం తీయడం వినపడింది. ఎంత తేటగా ఉందంటే, చెవి దగ్గరే పాడినట్టుంది. ఆ వెంటనే తిమ్మప్ప గొంతు, బరబరమని.

"ఆ మొదట ఎవరండీ?" అన్నాడు మేనేజరు.

జములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేనేజరు ఆమె ముందు కూర్చున్నాడు. "అమ్మా, మీకు పాటలు వస్తాయా?"

"పాటలంటే... కండెలు చుట్టేటప్పుడు మా అమ్మ పాడేది. గదే తెలుసు, వేరేది నాకు తెల్వదు."

"అదే పాడండి. గీత పడేలా వెచ్చచేసిన పలకలు ఇంకో రెండున్నాయి."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆయనకు రాదన్న తావున నేను పాడితే, ఇంటికి పోయినంక ఎట్ల బతుకుదుము?"

అప్పటికే తిమ్మప్ప బయటకు వెళ్లిపోయాడు. నేను వెనకాలే పోయాను. బంగళా ముందు గేటు దాకా పోతున్నాడు, వెనక్కి వస్తున్నాడు, మళ్లీ పోతున్నాడు. నేనూ అతనితో నడిచాను. నాలుగో విడత తిరుగుతుండగా ఉత్తరం సంగతి చెప్పేశాను.

అతను ఆగాడు. "ఎప్పుడొచ్చింది ఆ ఉత్తరం?"

"నువ్వు దుకాణానికి వచ్చిన రోజే."

కొడతాడేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. అతను గొంతు పెంచకుండానే అన్నాడు. "పదిహేను దినాలు ఉండె గదా సుబ్బన్నా. నేను గొంతు పెంచుకుంట కూసున్న. చెప్పి ఉంటే దించుకునుడు నేర్చుకుంటుంటి. రాకపోతే రాకపోవు. గానీ నేర్చుకుంటుంటి."

నేను అతని బాధను తప్పిస్తున్నాననుకున్నాను. తప్పించింది అతని పదిహేను రోజులను.

"లోపల నీ భార్యను పాడమంటున్నారు," అన్నాను.

"విన్న."

"పాడనంటోంది. నీ కోసం."

మళ్లీ గేటు దాకా పోయి వచ్చాడు. ఈసారి ఆగకుండా లోపలికి పోయాడు. జములమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఏ పాట? పుట్టి పాటనా?" అన్నాడు. బీచుపల్లి రేవులో ఏరు పొంగుతుంటే, పుట్టి, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవ, తిరిగొస్తుందా లేదా అని ఒడ్డున కాచుకునే ఆడమనిషి పాట అది. ఇంట్లో పాడితే అరగంట సాగుతుంది. "అంత పట్టదు. మొదటి చరణం పాడు, రెండూ మూడూ ఇడిచిపెట్టు, నది ఒడ్డు తాకేది పాడు, ఆఖరుది పాడు. నేను చెయ్యి లేపంగనే ఆపు. మైకు దిక్కు చూడకు. కండె తిప్పుకుంట పాడినట్టే పాడు."

"నువ్వు కోపంల చెప్తున్నవా, మనసుల నుంచి చెప్తున్నవా?" అంది ఆమె.

"రెండూ ఉన్నయి. పాడు."

దీపం వెలిగింది. ఆమె కళ్లు మూసుకుని, చేత్తో లేని కండెను తిప్పుతూ పాడింది. తిమ్మప్ప గోడ పక్కన కూర్చుని, కాలు కదలకుండా మోకాళ్లను రెండు చేతులతో పట్టుకున్నాడు. నాటకంలో పద్యానికి ఎంత సేపు పడుతుందో లెక్క తెలిసిన మనిషి. సరిగ్గా సమయానికి చెయ్యి లేపాడు. ఆమె ఆపింది. దీపం ఆరింది. పక్క గది నుంచి మేనేజరు వచ్చి ఆమెకు నమస్కారం పెట్టాడు.

వానలు వెనకపట్టాక ప్లేట్లు వచ్చాయి. చీటీ మీద 'మిస్ జములమ్మ' అని ఉంది. పాడే ఆడవాళ్లందరికీ కంపెనీవాళ్లు అలాగే వేసేవారు.

"మిస్ అంటే ఏందన్నా?" అని జములమ్మ అడిగింది.

"పెళ్లికాని పిల్ల అని."

తిమ్మప్ప ప్లేటును అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే ఇంట్ల ఉన్న నేనెవర్ని?" అన్నాడు. ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. మార్చమని కంపెనీకి రాశాను, వాళ్లు పట్టించుకోలేదు.

ఆ ప్లేటు మా వైపు బాగా పోయింది. నాగర్‌కర్నూల్ సంతలో పెట్టె తిప్పితే, బేరాలు మాని జనం చుట్టూ చేరేవారు. ఆమె చేత కంపెనీ మరో రెండు ప్లేట్లు పాడించింది. ప్రతిసారీ చరణాలు కత్తిరించింది తిమ్మప్పే. అతను కూడా ఒక ఏడాది పాటు ఇంట్లో గొంతు దించి సాధన చేసి, ఇంకోసారి మైకు ముందు నిలబడ్డాడు. ఈసారి బ్లాస్ట్ కాలేదు. కానీ అప్పటికి యుద్ధం వచ్చి, ప్లేట్లు చేసే లక్కకు కరువొచ్చింది. కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశామని మేనేజరు చెప్పాడు. ఆ మొదటి పదిహేను రోజుల్లోనే ఈ సాధన చేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అతనికీ తెలియదు. ఆ మాట అతను మళ్లీ ఎత్తలేదు. దుకాణానికి వచ్చేవాడు, కూర్చునేవాడు, ఊరి సంగతులు చెప్పేవాడు. నా ముందు మాత్రం ఎన్నడూ పాడలేదు.

యుద్ధం ముగిశాక కంపెనీ మళ్లీ కొత్త గొంతులను అడిగింది. వనపర్తి నుంచి ఒక హరికథకుడు వచ్చాడు. పెద్ద పేరున్నవాడు, గొంతూ పెద్దదే. కూర్చోబెట్టి, కంపెనీకి ఏం కావాలో, ఏం వద్దో, అతని గొంతులో ఏది మైకుకు పడదో ముందే చెప్పాను. ముఖం ఎర్రబడింది. "గడియారాలు బాగుచేసేటోనికి సంగీతం ఏం తెలుసు?" అని లేచి వెళ్లిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా నాకు వినపడేలా తిట్టాడు.

నేను ఆపలేదు. అతను తిరిగొస్తాడో రాడో తెలియదు కానీ, రికార్డింగుకు ఇంకా నెలరోజుల గడువుంది.