బియ్యం లేని ఎసరు

నిన్న పెళ్లి భోజనాల దగ్గర మన చర్చి పెద్ద గుండిగ చూశాను. తుఫాను రోజులు గుర్తొచ్చాయి. మీకూ గుర్తున్నాయా? కాకినాడ దగ్గర ఇళ్లు కొట్టుకుపోయిన జాలరి కుటుంబాలు మన చర్చిలో తలదాచుకున్నాయి. వాళ్ల పిల్లలతో మనం గవ్వలాడుకునేవాళ్లం.

ఒక పొద్దున వాళ్లకి వండిపెట్టే బియ్యం అయిపోయాయి. రోడ్లు తెగి లారీలు రావడం లేదు. అయినా పాస్టరమ్మ గారు గుండిగ నిండా నీళ్లు పోయించారు.

"ఎసరు పెట్టండమ్మా, ప్రభువు చూసుకుంటాడు."

"ఎసట్లో ఏం పొయ్యాలండీ?" అంది వంట చూస్తున్న మా అమ్మ దిగులుగా.

ఆ మాట విన్న జాలర్లు, ఇల్లు పోయినా వదలకుండా తెచ్చుకున్న వలలు భుజాన వేసుకుని, పొంగిన కాలువకి వెళ్లారు. మధ్యాహ్నానికి తట్టల నిండా చేపలతో వచ్చారు. కూర దొరకని రోజులు కదా, వాళ్ల ఆడవాళ్లు వీధుల్లో చేపలు పంచితే ప్రతి ఇంటివాళ్లూ ఉన్నంతలో బియ్యం పోశారు.

"బియ్యం అడిగితే చేపలు కూడా ఇచ్చాడు!" అని పాస్టరమ్మ గారు పకపకా నవ్వారు.

ఆ రోజు వడ్డన జాలరి ఆడవాళ్లదే. అందులో ఒకావిడ అమ్మని చెయ్యి పట్టుకుని పంక్తిలో కూర్చోబెట్టింది.

"ఇన్నాళ్లూ మీరు పెట్టారు. ఇయ్యాల మా చేతి పులుసు తినండమ్మా."

అమ్మ కళ్లు తుడుచుకుంటూనే మారు వేయించుకుంది.