మునసబు గారి చేలో మా బావ పేరు

అరవై ఎనిమిది కార్తీకంలో మా బావ దగ్గర్నుంచి కబురొచ్చింది. ముఖలింగం దగ్గర పల్లెలో సేద్యం ఆయనది. "గవర్మెంటోల్లు జీపులో వస్తన్నారంట, మరదల్ని ఓపాలి రమ్మను" అని విజయనగరం వచ్చే మనిషితో చెప్పి పంపాడు. బళ్లో పాఠాలు చెప్పుకునే మరదలు ఇంటికొస్తే తన మాట చెల్లదని ఆయన భయం. అలాంటివాడు పిలిచాడంటే చిక్కు పెద్దదే అనుకుని, సెలవు పెట్టి పొద్దున్న ఏడింటి పాసింజరు ఎక్కాను.

నెల్లిమర్లలో జూటుమిల్లు వాళ్లు దిగిపోయాక కూర్చోడానికి చోటు దొరికింది. ఎదురుగా ఎండుచేపల గంపతో ఒకామె. కిటికీలోంచి చేలు చూస్తూ, "ఇప్పుడు పొట్టి వరంట గదమ్మా. గడ్డి రాదంట. మరి ఇల్లు దేంతో కప్పుకుంటారో" అంది. ఏడాదిగా పేపర్లో ఆ వరి గురించి పొగడ్తలే చదివాను గానీ గడ్డి సంగతి నాకు తట్టలేదు.

ఆమదాలవలసలో దిగేసరికి పది దాటింది. స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది. కొత్తవాళ్లు అదే శ్రీకాకుళం అనుకుని రిక్షా కోసం వెతుక్కుంటారు, ఊరు ఇంకా బస్సు దూరం. స్టేషను ఎదుట హోటల్లో ఇడ్లీ పరవాలేదు, చట్నీ జోలికి పోవద్దు. శ్రీకాకుళంలో బస్సు మారి, నరసన్నపేట మీదుగా ముఖలింగం చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. గుడికొచ్చేవాళ్లకు సత్రం ఉంది. నేను మాత్రం అటు తిరక్కుండా గట్లవెంట అరగంట నడిచి మా అప్ప ఇంటికి పోయాను. మా వైపు అక్కని అప్ప అంటాం.

కాళ్లు కడుక్కోగానే బావ నన్ను గెడ్డ పక్కనున్న మడికి తీసుకెళ్లాడు. వాగునే అక్కడ గెడ్డ అంటారు. వాళ్లకు ఏడాది తిండి ఆ ఒక్క మడే. జ్యేష్ఠంలో గవర్మెంటు తరఫున గ్రామసేవకుడు వచ్చి, చిన్న రైతుల కోసమని కొత్త విత్తనం, ఎరువు ఊరికే ఇచ్చాడట. ఆ మడిలో అదొక్కటే వెయ్యాలన్నది షరతు.

"ఊరికే ఇచ్చినోడు ఊరికే పోతాడేటి? నాకు నమ్మకం సాల్లేదు. మెట్టలో సోడీ కందీ కలిపి జల్లుతాం గదా, ఒకటి పోతే ఇంకోటి నిలుస్తాది. అలగే మన పాత ఇత్తనం, ఈ కొత్తదీ కలిపేసి నారు పోసినాను" అన్నాడు.

మడి చూస్తే అర్థమైంది. పాత వరి ఎరువు తిని మనిషెత్తు పెరిగి, గింజ గట్టిపడకముందే పడిపోయింది. దాని కింద నలిగిన పొట్టి వరి అప్పుడే పండి రాలుతోంది. కోద్దామంటే పైది పచ్చి, ఆగుదామంటే కిందది మట్టిపాలు. "ఇదేం సేద్యం బావా, పులిహోరా?" అని నవ్వాను. వెనకే వచ్చిన మా అప్ప కొరకొరా చూసి, "రేపు పొయ్యి మీదకేటి ఎక్కుతాదో సెప్పి, అప్పుడు నవ్వు" అంది.

దీపాలవేళ గ్రామసేవకుడు సైకిలు మీద వచ్చాడు. గుంటూరు వైపు కుర్రాడు, చెమటలు కారుతున్నాయి. "రేపు ఆఫీసరు గారు చిన్న రైతు పొలం చూస్తానన్నారండీ. ఇది చూపిస్తే నా పని సరి. మునసబు గారి రోడ్డువార చేను అదే విత్తనంతో బాగా పండింది. మీ పేరున్న బోర్డు అక్కడ పాతుతాను. మీరు పక్కన నిలబడి, ఈ పొలం నాదే అనండి చాలు. కాదంటే వచ్చే ఏడు మీకు విత్తనం రాదు, ఎరువూ రాదు" అన్నాడు.

అతను వెళ్లాక, "ఒక్క మాటే కదా, అనేయ్ బావా" అన్నాను. అప్ప కూడా అదే అంది.

బావ మెల్లగా అన్నాడు. "రేపు మునసబు సేను నాదంటాను. ఎల్లుండి, ఇది నీదన్నావు గదా, ఆ గెడ్డ పక్క మడి నాది, మార్సుకున్నాం అని ఆయనంటే? ఆఫీసరు ఎదర నా నోటితో అన్నదే గదా సాక్ష్యం."

ఆ మడి మీద మునసబుకి ఎప్పట్నుంచో కన్నుంది. ఊళ్లో భూముల లెక్కలు తేల్చేదీ ఆయనే, కరణమూను.

మర్నాడు పదింటికి జీపు వచ్చింది. మునసబు చేలో బావ పేరు బోర్డు కొత్త పెళ్లికొడుకులా నిలబడి ఉంది. ఎన్నడూ లేనిది మునసబు మా బావ భుజం మీద చెయ్యేశాడు. "ఇది నీ పొలమేనా?" అని ఆఫీసరు అడిగాడు. గ్రామసేవకుడు నేలచూపులు చూస్తున్నాడు.

"కాదండి బాబూ. ఇది మునసబు గారిది. నాది గెడ్డ పక్కది. ఆయనది ఆయనకే, నాది నాకే. అందరి ఎదరా సెప్తన్నాను" అన్నాడు బావ. మునసబు చెయ్యి తీసేశాడు.

ఆఫీసరు బూట్లతోనే గట్లవెంట నడిచి మడి చూశాడు, అంతవరకూ మెచ్చుకోవాలి. "రెండూ ఎందుకు కలిపావయ్యా?"

"ఒక్కటే ఏసి అది పోతే, మీరు జీపెక్కి ఇంకో ఊరెల్తారు బాబూ. మాం ఈ ఊర్లోనే తినాల."

"రైతు సూచనలు పాటించలేదు, రాసుకో" అని ఆఫీసరు పక్కవాడితో అన్నాడు. బోర్డు పీకి జీపులో వేసుకున్నారు. మునసబుని ఆయన చేలో నిలబెట్టి ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. పథకం పేరు మాత్రం చిన్న రైతులదే!

మధ్యాహ్నం ముగ్గురం మడిలో దిగాం. పడిపోయిన దంట్లు లేవనెత్తి, కింద పండిన పొట్టి వెన్నులు ఒక్కొక్కటీ చేత్తో తుంచి ఒళ్లో వేసుకున్నాం. సాయంత్రానికి చేటెడు గింజలు పోగయ్యాయి. బావ నాలుగు గింజలు పంటి కింద కొరికి చూశాడు.

"మంచి గింజే మరదలా. వచ్చే ఏడు ఓ మూల దీన్నొక్కదాన్నే ఏసి సూస్తాను. ఎవుల్తోనూ అనకు. తెలిసిందంటే మల్లీ బోర్డట్టుకొస్తారు."

తెల్లారి బయల్దేరి, ఆమదాలవలసలో మధ్యాహ్నం బండి అందుకున్నాను. అటు వెళ్లేవాళ్లు గొడుగు, ఓపిక రెండూ పట్టుకెళ్లండి. ఎవరింట దిగినా అన్నం పెడతారు, పొలం సంగతి అడిగితే మాత్రం వర్షాల గురించి చెప్తారు. వచ్చినవాడు ఏం పట్టుకుపోతాడో తెలిసేదాకా వాళ్లు అంతే, తప్పు పట్టలేను.

పొందూరులో ఒకాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. వ్యవసాయశాఖలో కొత్తగా చేరాడట. ముఖం చూస్తే మంచివాడే, మాట మెత్తన. ఎక్కణ్నుంచి వస్తున్నారని అడిగితే ముఖలింగం అన్నాను. "ముఖలింగం వైపు నుంచా అండీ? అక్కడ చిన్న రైతులు కొత్త వరి వేస్తున్నారా?" అని ఎంతో ఆశగా అడిగాడు.

"నేను గుడికెళ్లి వస్తున్నానండీ. పొలాల సంగతి నాకేం తెలుసు?" అన్నాను.